ట్రాపిస్ట్-1 గ్రహాలు కంటికి కనిపించకుండానే ‘ఆవాసయోగ్యం’ అని ఎలా అంటున్నారు?

ప్రశ్న:
సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలు తిరుగుతున్నాయని 2017లో ప్రకటించారు. టెలిస్కోపులో అదంతా ఒక్క వెలుగు చుక్కగానే కనిపిస్తుందట. అలాంటప్పుడు ఆ గ్రహాల సైజు, బరువు, వాటిపై నీరు ఉండవచ్చన్న సంగతి ఎలా తెలిశాయో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆ చుక్క వెలుగును విడవకుండా కొలవడం వల్లనే తెలిశాయండి. గ్రహం నక్షత్రానికి అడ్డంగా వెళ్లినప్పుడల్లా వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి సైజును, ఎన్నాళ్లకొకసారి తగ్గుతోందో చూసి కక్ష్యను లెక్కగడతారు. సూర్యుడికి భూమి అడ్డొస్తే, బయటి నుంచి చూసేవారికి 12,000 వంతుల్లో ఒక్క వంతు వెలుగు తగ్గుతుంది. ట్రాపిస్ట్-1 వ్యాసం సూర్యుడి వ్యాసంలో ఇంచుమించు ఎనిమిదో వంతే కాబట్టి, భూమికన్నా కాస్త చిన్నదైన ‘ఇ’ గ్రహం (ఈ ఏడింటికీ బి నుంచి హెచ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు) కూడా దాని వెలుగులో 200 వంతులకు ఒక వంతును ఆపేస్తుంది. శాస్త్రవేత్తలు చిన్న నక్షత్రాలపై ఇంతగా దృష్టి పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. స్పిట్జర్ టెలిస్కోపు 2016లో దాదాపు 20 రోజులు ఈ నక్షత్రాన్నే చూసింది.

ఇక బరువు సంగతి. ఈ గ్రహాలు దగ్గరదగ్గరగా తిరుగుతూ ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడం వల్ల, అడ్డొచ్చే వేళలు కొన్ని నిమిషాలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ఆ తేడాల నుంచి బరువును, దాని నుంచి సాంద్రతను రాబట్టి, ఏడూ రాతి గ్రహాలేనని తేల్చారు.

రెండో సమాధానం:
గ్రహం మనకూ నక్షత్రానికీ సరిగ్గా మధ్యగా వెళ్లేలా కక్ష్య ఉంటేనే, వెలుగు తగ్గుదలను చూసే ఈ పద్ధతి పనికొస్తుంది. అలా లేనప్పుడు, గ్రహం లాగడం వల్ల నక్షత్రం ముందుకూ వెనక్కూ ఊగే వేగాన్ని దాని వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) కొలుస్తారు. 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు మేయర్, కెలోజ్ 51 పెగాసి బి అనే గ్రహాన్ని కనుగొన్నది ఇలాగే. అయితే భూమి సూర్యుణ్ణి ఊపే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే కనుక, భూమివంటి గ్రహాలను ఇలా పట్టుకోవడం చాలా కష్టం.

మూడో సమాధానం:
నీటి గురించి అడిగారు కనుక చెబుతున్నాను. ‘ఆవాసయోగ్య మండలం’ అన్న మాటను పత్రికలు మరీ ఉదారంగా వాడుతున్నాయని నా అభిప్రాయం. తగిన వాతావరణం ఉంటే నీరు ద్రవంగా నిలవగల దూరం అని మాత్రమే దాని అర్థం. ఆ లెక్కన మన చంద్రుడు కూడా ఆవాసయోగ్య మండలంలోనే ఉన్నాడు.

కాబట్టి అసలు తేలవలసింది అక్కడ గాలి ఉందా అన్నది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2023లో ‘బి’ గ్రహపు పగటి వైపు వేడిని సుమారు 230 డిగ్రీల సెల్సియస్‌గా కొలిచింది. గాలి ఉంటే వేడిని రాత్రి వైపుకూ పంచేది కనుక, అంత వేడి ఉందంటే దానిపై చెప్పుకోదగ్గ వాతావరణం లేనట్టే. మండలంలో ఉన్న ‘ఇ’ విషయం ఇంకా తేలలేదు. గ్రహం అడ్డొచ్చినప్పుడు దాని అంచుల గాలిని దాటి వచ్చే వెలుగు వర్ణపటంలో గాలి జాడ వెతుకుతారు, కానీ నక్షత్రం మీది మచ్చలు, జ్వాలలు ఆ వర్ణపటాన్ని కలుషితం చేస్తున్నాయి. అందుకే ‘బి’, ‘ఇ’ వెంటవెంటనే అడ్డొచ్చే వేళలను ఎంచుకుని, గాలి లేదనుకుంటున్న ‘బి’ వర్ణపటంతో ‘ఇ’ వర్ణపటాన్ని పోల్చి, నక్షత్రం వల్ల వచ్చిన తేడాను తీసివేయడానికి ప్రయత్నిస్తున్నారు.