పాత జపాన్ టీపాట్ లోపలి గార తోమేయాలా, వదిలేయాలా?

నాగోయావాసి:
ఇక్కడ నాగోయాలో ఓసు కన్నోన్ గుడి దగ్గర ప్రతి నెలా 18న, 28న పాత సామాన్ల సంత జరుగుతుంది. మొన్న అక్కడ ఎర్రమట్టి క్యూసు (జపాన్ టీపాట్) ఒకటి దొరికింది, పిడి పక్కకు ఉండే రకం, అరచేతిలో ఇమిడేంత. కుండల పనికి పేరున్న టొకొనామే ఊరిదే అన్నాడు అమ్మినాయన. బయట నున్నగా మెరుస్తోంది, లోపల మాత్రం టీ గార నల్లగా పేరుకుంది. మా ఆవిడ తోమేయమంటోంది, మిత్రుడేమో ముట్టుకోవద్దంటున్నాడు. మీరేమంటారు?

పొగలకప్పు:
తోమెయ్యండి. ఎవరు తాగారో, ఎన్నేళ్లు మూల పడి ఉందో తెలియని పాత్ర. గార చూసి పాతదని మురిసిపోవడం నాకు నచ్చదు, టీ మరిగించి పోస్తే కొత్తదానికీ ఆ రంగు వస్తుంది. చింతపండు, ఉప్పు వేసి రుద్దండి, అయిపోతుంది.

మట్టివాసన:
చింతపండా! ఇత్తడి చెంబు కాదండీ అది. అసలు ఏ ఊరి మట్టో చూడకుండా తోమాలా వద్దా అని వాదించుకుని లాభం లేదు. అరిత ఊరి పింగాణీ అయితే లోపల గాజులాంటి పూత ఉంటుంది, గార పైపైనే, తీసేస్తే నష్టం లేదు. కుతాని పింగాణీలో రంగులూ బంగారమూ పూత మీద మళ్లీ వేసి తక్కువ వేడిలో కాలుస్తారు కాబట్టి పులుపు తగిలితే వెలిసిపోతాయి. హగి ఊరిది మరీ గుల్లమట్టి, పూతలోని సన్నని పగుళ్లలోంచి టీ లోపలికి ఇంకుతూ ఏళ్ల తరబడి రంగు మారుతుంది, దాన్నే ‘హగి ఏడు మార్పులు’ అంటారు. ఆ రంగు కోసమే కొనేవాళ్లున్నారు, దాన్ని తోమడమేమిటి?

మీది టొకొనామే ఎర్రమట్టి, దాన్ని షుదేయి అంటారు. 1854లో సుగియే జుమోన్ ఆ ఊళ్లో మొదలుపెట్టాడు, 1878లో కొయియే హోజు పిలిపించిన చైనా పెద్దమనిషి జిన్ షిహెంగ్ చైనాలోని ఈషింగ్ ఊరి టీపాట్ల పద్ధతి నేర్పాడు. పూత ఉండదు, మట్టే నునుపు. అందుకే సబ్బు వద్దు, స్టీల్ పీచు అసలే వద్దు. నేనొకసారి పీచుతో రుద్దాను, కొమ్ము మొదట్లో చేత్తో పొడిచిన రంధ్రాల అంచులు అరిగిపోయాయి, ఇప్పటికీ చూస్తే బాధేస్తుంది. పాతవాటిలో పనివాడి చెయ్యి కనిపించేది అక్కడే, ఒక రంధ్రం పెద్దది, ఒకటి చిన్నది. మీది కూడా లైటు వేసి చూడండి.

బూజు వాసన లేకపోతే వేడినీళ్లు, నూలుగుడ్డ చాలు. ఉంటే సోడియం పెర్కార్బొనేట్ (మరకలు తీసే బ్లీచ్ పొడి) కొద్దిగా గోరువెచ్చని నీళ్లలో వేసి నానబెట్టి, చాలాసార్లు కడిగి, మూత తీసి ఆరబెట్టండి. ఎక్కడైనా బంగారు అతుకు ఉంటే మాత్రం నానబెట్టొద్దు, అది ఉరుషి, అంటే చెట్టు నుంచి తీసే లక్క జిగురు.

పొగలకప్పు:
చింతపండు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గార ఉంటే టీ రుచి పెరుగుతుందంటే మాత్రం ఒప్పుకోను. ఇంకొకరు తాగిన టీ మరక నా టీలో ఎందుకు?

మట్టివాసన:
రుచి సంగతి నేనన్లేదండీ. పనివాడి ఆనవాళ్లు పోకూడదు, అంతే నేనడిగేది.

నాగోయావాసి:
ఫోన్ లైటు వేసి చూశాను. రంధ్రాలు ఏడు, కింది రెండూ కలిసిపోయి ఒక చీలికలా ఉన్నాయి. వాసన లేదు. వేడినీళ్లతో కడిగి కిటికీ దగ్గర బోర్లించాను, మూత పక్కన పెట్టాను.