స్టెంట్ వేశాక యోగా ఎప్పుడు మొదలుపెట్టాలి? నాన్న మాత్రలు మానేస్తానంటున్నారు

కర్నూలు_బిడ్డ:
నాన్నకు 62 ఏళ్లు. మొన్న సంక్రాంతి తర్వాత గుండెపోటు వచ్చి స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేశారు. ఇంటికి పంపేటప్పుడు "వాకింగ్, యోగా చేయించండి, నూనె తగ్గించండి" అన్నారు, అంతే. ఏ ఆసనాలు? నూనె ఎంత? పైగా నాన్న "యోగా చేస్తున్నా కదా, ఇన్ని మాత్రలెందుకు" అంటున్నారు. బీడీ మాత్రం మానలేదు.

అనంత_రైతు:
పామాయిల్ మానేసి గానుగ చెనిక్కాయ (వేరుశనగ) నూనె వాడండి. మా నాయన 80 దాటినా చేనుకు పోతున్నాడు, ఇంట్లో వేరే నూనె ఎరగం.

కడప_అక్క:
తమ్ముడూ, నూనె తర్వాత, ముందు మాత్రలు. మా బావ "బాగైపోయా" అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఆపేశాడు. స్టెంట్ లోపలే గడ్డకట్టి మళ్లీ పోటొచ్చింది. ఆస్పిరిన్, దాంతోపాటు ఇచ్చే రెండో మాత్ర, రెండూ కలిపి సాధారణంగా 12 నెలలు వాడమంటారు. డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపనివ్వద్దు.

ఆదోని_యోగా:
నేను ఏళ్ల తరబడి నేర్పుతున్నా, నా మాట వినండి. యోగాతో గుండె రక్తనాళాల్లో బ్లాకులు తగ్గుతాయని అమెరికాలో డాక్టర్ డీన్ ఆర్నిష్ 1990లోనే నిరూపించాడు. పొద్దున సాయంత్రం కపాలభాతి (వేగంగా ఊపిరి వదిలే ప్రాణాయామం) చేయించండి.

వార్డు_సిస్టర్:
సార్, దయచేసి అలా చెప్పకండి! ఆర్నిష్ పరీక్షించింది 48 మందిని. యోగాతో పాటు కొవ్వు 10 శాతమే ఉన్న శాకాహారం పెట్టారు, నడిపించారు, పొగ మాన్పించారు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో 3,959 మందితో యోగా-కేర్ పరీక్ష జరిగింది. 12 వారాల కార్యక్రమం, ఫలితాలు 2020లో వచ్చాయి. మళ్లీ పోటు రావడం, చనిపోవడం తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ ఒంట్లో బాగుందనుకున్నవాళ్లు, మునుపటి పనులు చేసుకోగలిగినవాళ్లు పెరిగారు. అదేం చిన్న లాభం కాదు. అయితే అది మాత్రలతో పాటే, మాత్రలకు బదులుగా కాదు. కపాలభాతి, భస్త్రిక, శీర్షాసనం, ఊపిరి బిగపట్టడం ఇప్పుడు వద్దు. డాక్టర్ సరేనన్నాక నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కుర్చీలో తేలిక ఆసనాలు, శవాసనం.

ఆదోని_యోగా:
నా దగ్గర గుండెజబ్బువాళ్లు ఎందరో బాగుపడ్డారు. పుస్తకం చదివి నాకు చెప్పొద్దు.

అనంత_రైతు:
అంటే 10 శాతం కొవ్వంటే నూనే వద్దనా? ఉగ్గాణి (బొరుగుల ఉప్మా) ఎట్లా తినాలి? చెనిక్కాయ పండించే జిల్లాకొచ్చి చెప్పే మాటేనా ఇది?

సీమ_డైటీషియన్:
అన్నా, కోపం వద్దు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే (చెడు కొలెస్ట్రాల్ పెంచేది), చెనిక్కాయ నూనెలో అది చాలా తక్కువ. అందులో మీ మాట నిజం. కానీ గానుగదైనా మిగతా నూనెల్లాగే గ్రాముకు 9 కేలరీలు, కాబట్టి తక్కువే వాడాలి. ఉగ్గాణి తినండి, పక్కన మిరపకాయ బజ్జీ వద్దు.

అనంత_రైతు:
బజ్జీ లేని ఉగ్గాణి ఎవరు తింటారమ్మా! మీరంతా కలిసి మా పంటను చంపేస్తున్నారు.

కడప_అక్క:
పంట గొడవ ఇక్కడెందుకన్నా? ఆ పిల్లోడు తండ్రి గురించి అడిగాడు. ఊరగాయ, ఊరిబిండిలో ఉప్పు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. రోజుకు మొత్తం 5 గ్రాములు దాటకూడదంటారు.

కొండారెడ్డి_బురుజు:
కర్నూలు ఎండలో వాకింగ్ ఆరున్నరకల్లా ముగించాలి. తిన్న వెంటనే నడిపించొద్దు. నడుస్తూ మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. ఛాతీలో బిగిస్తే ఆగిపోవాలి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

వార్డు_సిస్టర్:
బీడీని అందరూ వదిలేశారు! యోగా ఎంత చేసినా బీడీ ఉంటే ఏం లాభం? పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. నాన్న చేతే చేయించండి.

కర్నూలు_బిడ్డ:
సిస్టర్, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించా. మాత్రలకు ఒప్పుకున్నారు. బీడీ గురించి ఇంకా మాట్లాడుతున్నాం. రివ్యూకు వెళ్లినప్పుడు యోగా గురించి అడుగుతా.