పందికొక్కుల కోసం ఎయిర్ రైఫిల్‌కి ఏ స్కోప్ తీసుకోవాలి?

కోవూరు_వడ్లు:
అన్నలూ, మాది కోవూరు దగ్గర పల్లె. ఇంటి వెనక వడ్ల షెడ్డు, దాన్నానుకొని రొయ్యల గుంట ఉన్నాయి. పందికొక్కులు షెడ్డులో గోతాల్ని అడుగు నుంచి కొరికి వడ్లు పారబోస్తున్నాయి, గుంట గట్టుకి బొక్కలు పెట్టి నీళ్ళు పక్క పొలంలోకి వదులుతున్నాయి. ఇంట్లో 0.177 అంగుళాల బోరు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. అవి బయటికొచ్చేది తెల్లారుజామున, పొద్దుగూకే వేళ, ఆ మసకలో ముందున్న సైటు కనపడదు. యూట్యూబ్‌లో అందరూ 6-24×50 స్కోప్ (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 50 మి.మీ.) అంటున్నారు, షాపతను కూడా అదే చెప్పాడు. నాకు దూరం ఎక్కువలో ఎక్కువ 30 మీటర్లు, షెడ్డులో అయితే 10 మీటర్లే. ఎనిమిది, పది వేలు పెట్టగలను. చెరువు మీదికొచ్చే నీటికాకులకి, చేలో పడే అడవి పందులకి కూడా పనికొస్తుందా?

ఒంగోలు_పెల్లెట్:
తమ్ముడూ, ముందు చివరి ప్రశ్న సంగతి. అడవి పంది, నీటికాకి, కొంగ, వీటి జోలికి పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, పంట పోతుంటే ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టుకోవాల్సిందే. పైగా 0.177 పెల్లెట్ పందిని చంపదు, గాయం చేసి వదిలేస్తుంది, అది చీము పట్టి రోజుల తరబడి నరకం చూస్తుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ళ లోపు ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు, నీ రైఫిల్ ఎంతో కాగితాల్లో చూసుకో.

ఇక స్కోప్. నీది స్ప్రింగ్ గన్ కాబట్టి పెద్ద తుపాకుల స్కోప్ కొనొద్దు. స్ప్రింగ్ గన్ పేలగానే ముందు వెనక్కి తంతుంది, వెంటనే పిస్టన్ వెళ్ళి గుద్దుకోవడంతో ముందుకీ తంతుంది. మామూలు స్కోపులు వెనక్కి తన్నే దెబ్బకే తయారుచేసినవి, ముందుకి తన్నే దెబ్బకి లోపల గీతలు వదులైపోతాయి, జీరో (గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన సెట్టింగు) నిలవదు. డబ్బా మీద ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసుండాలి.

రెండోది పారలాక్స్. పెద్ద తుపాకుల స్కోపులు ఎక్కువ భాగం 100 గజాలకి సెట్ చేసి వస్తాయి. వాటితో 10 మీటర్లలో ఉన్న పందికొక్కుని చూస్తే బొమ్మ మసకగా ఉంటుంది, కన్ను కాస్త పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టుంటుంది. ముందు అద్దం దగ్గర తిప్పే రింగు ఉండి, 10 గజాల దాకా ఫోకస్ దిగేది తీసుకో. 3-9×40 నీకు చాలు. హాక్ కంపెనీ వాంటేజ్ రకంలో అలాంటిది ఉంది, ధర కనుక్కో.

కందుకూరు_టు_డకోటా:
మాది కందుకూరు, ఉండేది సౌత్ డకోటాలో. ఆ 6-24 సలహా ఎక్కడ పుట్టిందో చెప్తాను. ఇక్కడ పశువుల బీళ్ళలో ప్రెయిరీ డాగ్స్ అని బొరియల్లో ఉండే జంతువుల్ని 200, 300 గజాల నుంచి .223, .22-250 తూటాల రైఫిళ్ళతో కొడతారు. అంత దూరంలో పిడికెడు తలకాయ కనపడాలంటే 18, 24 రెట్లు కావాలి, అప్పుడు కూడా మధ్యాహ్నం ఎండ ముదిరితే నేల మీద ఆవిరి కదిలి బొమ్మ అల్లాడుతుంది, రెట్లు తగ్గించుకోక తప్పదు. నీ షెడ్డులో 24 రెట్లు పెడితే గోతం మీది కుట్టు తప్ప పందికొక్కు కనపడదు.

మసక వెలుతురుకి ఇంకో లెక్క ఉంది. ముందు అద్దం సైజుని రెట్లతో భాగిస్తే కంటికొచ్చే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ., అదే 5 మీద పెడితే 8. చీకట్లో మన కంటిపాప సుమారు 7 దాకా తెరుచుకుంటుంది, అందుకని పొద్దుగూకాక 5, 6 రెట్ల మీదే ఉంచు, తేడా నీకే కనపడుతుంది.

అల్లూరు_ఆక్వా:
స్కోప్ కొనుక్కో, కాదనను, కానీ గట్టులో కాపురం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా కాల్చి ఎప్పటికి అయ్యేను? ముందు రోజు సాయంత్రం బొక్కలన్నీ మట్టితో మూసెయ్, తెల్లారేసరికి తెరిచున్నవే అవి ఉన్న బొక్కలు. మా దగ్గర యానాది వాళ్ళని పిలుస్తాం, కుండలో గడ్డి పొగ పెట్టి బొక్కలోకి ఊది బయటికి రాగానే పట్టేస్తారు, వాళ్ళకున్న చూపు ఏ స్కోప్‌కీ లేదు. షెడ్డు చుట్టూ బ్రోమాడయోలోన్ అనే ఎలకల మందు ఎర పెట్టొచ్చు, 96 పాళ్ళు నూకలు, 2 నూనె, 2 మందు. గుంట నీళ్ళకి, కోళ్ళకి దూరంగా పెట్టు.

కోవూరు_వడ్లు:
అర్థమైంది అన్నా, పందుల్ని, పక్షుల్ని వదిలేస్తాను. యానాది వాళ్ళని రేపే కనుక్కుంటా. షెడ్డుకి మటుకు 3-9×40 తీసుకుంటున్నా. జీరో 10 మీటర్లకి చెయ్యాలా, 25కా?

ఒంగోలు_పెల్లెట్:
25 మీటర్లకి చెయ్యి. స్కోప్ తుపాకి గొట్టానికి సుమారు 4 సెం.మీ. పైన ఉంటుంది కాబట్టి 10 మీటర్లలో పెల్లెట్ దాదాపు సెంటీమీటరు కిందికి, 5 మీటర్లలో రెండు సెంటీమీటర్ల కిందికి తగులుతుంది. పెల్లెట్ స్పీడుని బట్టి మారుతుంది, కాగితం మీద కొట్టి రాసుకో. స్కోప్ మీది గుండీ తిప్పితే ఒక్కో క్లిక్‌కి గురి పావు అంగుళం జరుగుతుందంటే అది 100 గజాల లెక్క, 25 గజాల దగ్గర అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మౌంటు ఒకే ముక్కగా ఉండి, కింద జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్నది అడుగు, లేకపోతే తన్నుడికి మెల్లగా వెనక్కి జారుతుంది. రైఫిల్ మీద మౌంటు పట్టే రైలు 11 మి.మీ. డవ్‌టెయిలో కాదో కొలిచి కొను. షెడ్డులో గోతాల వైపే కొట్టు, రేకు మీద, సిమెంటు మీద పడితే పెల్లెట్ తిరిగొస్తుంది, కళ్ళద్దాలు లేకుండా కాల్చొద్దు.