కారుకి వ్యాక్స్ ఇంట్లో వేసుకోండి, రబ్బింగ్ జోలికి మాత్రం పోకండి. కాదనేవాళ్లు చెప్పండి

వేదాయపాళెం నల్లకారు (నెల్లూరు):

మొన్న ఇక్కడే ఒకాయన రాశారు: "వాటర్ సర్వీసింగ్‌కి నెలనెలా డబ్బులు తగలేసేదానికంటే ఒక రబ్బింగ్ కాంపౌండ్, ఒక వ్యాక్స్ డబ్బా తెచ్చుకుని మూణ్ణెల్లకోసారి ఇంట్లోనే రుద్దుకుంటే బండి కొత్తదాన్లా ఉంటుంది" అని. చాలామంది సరేనన్నారు. అందులో సగమే నిజం, మిగతా సగం బండికి చేటు.

కడుక్కోవడం, వ్యాక్స్ వేసుకోవడం ఇంట్లోనే మేలు. ఆరేళ్లుగా నేనే చేసుకుంటున్నా. రబ్బింగ్, అదే పాలిష్ సంగతి వేరు. వ్యాక్స్ పైన పూసేది, పాలిష్ ఉన్నదాన్ని అరగదీసేది. రంగు మీద క్లియర్ కోట్ అని గాజులాంటి పొర ఒకటి ఉంటుంది. కంపెనీలో వేసిన పొర మామూలుగా 40, 50 మైక్రాన్లు. మనం రాసుకునే కాగితం మందం 100 మైక్రాన్లు వేసుకోండి, అందులో సగం. గీత పోయిందంటే అది పూడిందని కాదు, చుట్టూ ఉన్న పొరని గీత లోతుకి దించేశామని. రబ్బింగ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. అట్టాంటిది ఏడాదికి నాలుగుసార్లా?

నా బండి మీద జరిగిందే చెబుతా. డ్రిల్ మిషన్‌కి స్పాంజి బిగించి బానెట్ రుద్దుతున్నా. కాసేపటికి తెల్ల స్పాంజి నల్లబడింది. మురికి వదులుతోందని సంతోషపడి ఇంకాస్త అదిమా. తుడిచి చూస్తే బానెట్ అంచు వంపు దగ్గర రూపాయి బిళ్లంత మేర మెరుపు చచ్చిపోయి బొగ్గులా ఉంది. స్పాంజికి అంటింది మురికి కాదు, రంగు. అంచుల మీద పొర పలచగా ఉంటుంది, మిషన్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. వ్యాక్స్ వేస్తే రెండు వారాలు కనపడలేదు, తర్వాత మళ్లీ తేలింది. చివరికి బానెట్ మొత్తం పెయింటింగ్ చేయించాల్సి వచ్చింది.

చీమకుర్తి రోడ్డు (ఒంగోలు):

అన్నా, మీ బాధ అర్థమైంది గానీ తప్పు పాలిష్‌ది కాదు, డ్రిల్‌ది. గరుకుగా ఉండే రబ్బింగ్ కాంపౌండ్‌కీ సన్న పాలిష్‌కీ చాలా తేడా ఉంది. నేను రోజూ చీమకుర్తి పోయొచ్చేవాణ్ణి. గ్రానైట్ దిమ్మెల లారీల వెనకాల పోతే సాయంత్రానికి బండి బూడిద రంగు. నాలుగేళ్లకి ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలు. వాటి మీద వ్యాక్స్ వేస్తే గీతలే నిగనిగలాడతాయి. పాలిష్ లేకుండా వ్యాక్స్ అంటే మొహం కడుక్కోకుండా పౌడర్ రాసుకున్నట్టు. చేత్తో, సన్న పాలిష్‌తో, ఏడాదికోసారి చేస్తే పోయే పొర చాలా తక్కువ.

వేదాయపాళెం నల్లకారు:

తమ్ముడూ, చేత్తో, ఏడాదికోసారి అన్నావు. అంతవరకైతే నీతో తగువు లేదు. కానీ ఆ సాలెగూడు ఎక్కణ్ణుంచి వచ్చింది? పొద్దున బండి తీసేముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపుతావా లేదా? అది రాయి పొడి. పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. కడగడం సరిగ్గా వస్తే పాలిష్ అవసరమే సగం తగ్గుతుంది.

ముందు నీళ్లు పోసి దుమ్ముని దానంతటది జారిపోనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాన్లో కారు షాంపూ, ఇంకోదాన్లో ఉత్త నీళ్లు. ఒక డోరు తుడవగానే గుడ్డని ఉత్త నీళ్లలో జాడించి పిండి, అప్పుడు షాంపూలో ముంచాలి. టాప్ నుంచి కిందికి రావాలి, చక్రాలకి వేరే గుడ్డ. అంతా అయ్యాక ఆ ఉత్తనీళ్ల బకెట్ మెల్లగా వంచి చూడు, అడుగున ఇసుక కనపడుతుంది. ఒకే బకెట్ అయితే ఆ ఇసుకంతా మళ్లీ డోరు మీదకే పోయేది. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వాడొద్దు. వేసిన వ్యాక్స్‌ని అవే లాగేస్తాయి.

దర్శి మెట్ట:

నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరేంది? దర్శి, కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటాం. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టి నిలబడేది మా ఆడవాళ్లమే. ఆ వీధిలోనే పైపు పెట్టి కారు కడుగుతుంటే కడుపు మండుతుంది. నిమిషానికి 10 లీటర్లు వేసుకున్నా పావుగంటకి 150. మా ఇంట్లో బండికి రెండు బకెట్లు, పది రోజులకోసారి. అయితే బోరు నీళ్లు ఆరాక తెల్ల చుక్కలు పడుతున్నాయి. వాటికి పాలిషే దిక్కని మెకానిక్ అంటున్నాడు.

వేదాయపాళెం నల్లకారు:

అక్కా, మీరన్నది న్యాయం. వ్యాక్స్ ఉన్న బండికి మురికి తొందరగా వదులుతుంది, రెండు బకెట్లే సరిపోతాయి. చుక్కలకి పాలిష్ అక్కర్లేదు. అవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేయండి. అసలు వాటిని పడనివ్వకపోవడమే మంచిది. ఎండ ఎక్కకముందే నీడలో కడిగి, నీళ్లు ఆరేలోపు మెత్తటి గుడ్డతో ఒత్తి తీసేయండి.

కొత్తపట్నం తీరం:

మాది ఉప్పుగాలి. రోహిణి కార్తె ఎండకి మైనం నిలబడుతుందా? డబ్బు దండగేమో.

వేదాయపాళెం నల్లకారు:

కార్నౌబా అనే మైనం బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అయితే మన ఎండకి ఆయుష్షు తగ్గుతుంది, రెండు నెలలకోసారి వేసుకోవాలి. చల్లగా ఉన్న బండి మీద, పలచగా. మందంగా పూస్తే గుడ్డకే పోతుంది. మీకు మాత్రం పైపొర కంటే కిందిభాగం ముఖ్యం. డోర్ల కింది అంచులు, చక్రాల లోపలి గూళ్లు మంచినీళ్లతో కడగండి. తుప్పు మొదలయ్యేది అక్కడే, వ్యాక్స్ అక్కడిదాకా చేరదు.

చీమకుర్తి రోడ్డు:

పొడిగుడ్డ మాట నిజమే అన్నా, డ్రైవర్ సీటు కిందే ఒకటి పెట్టుకుని తిరుగుతున్నా. ఈరోజే తీసేస్తా. పాలిష్ మాత్రం మానను, ఈ ఆదివారం చేయబోతున్నా.

వేదాయపాళెం నల్లకారు:

డబ్బా తీసేముందు ఒక పని చెయ్యి. కడిగి ఆరాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ నిమురు. గరగరలాడితే పొరకి అతుక్కున్న రాయిపొడి ఉన్నట్టు. దాని మీదే పాలిష్ రుద్దితే కొత్త గీతలు పడతాయి. ముందు క్లే బార్‌తో (బంకమట్టిలాంటి మెత్తటి ముద్ద), షాంపూ నీళ్లు చల్లుకుంటూ మెల్లగా లాగెయ్యి. నున్నగా అయ్యాక కూడా గీతలు కనపడితే అప్పుడు పాలిష్. అంచులకి టేపు అంటించుకుని, ముందు ఒక మూల జానెడు మేర చేసి చూడు. అదెట్టా వచ్చిందో ఎండలో ఫోటో తీసి ఇక్కడ పెట్టు, మిగతా బానెట్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.