భూమి లోపల ఏముందో ఎవరు చూసొచ్చారు?

అమాయకుడు: మావాడి సైన్స్ పుస్తకంలో భూమిని అడ్డంగా కోసి, పొరలకి రంగులేసి మరీ చూపించారు. అంత లోతుకి ఎవరు వెళ్లారండీ? ఉత్త ఊహేనా?

రాళ్లపిచ్చి: ఎవరూ వెళ్లలేదు. రష్యాలో కోలా దగ్గర 1970లో మొదలెట్టి 1989కి 12,262 మీటర్ల లోతుకి బోరు దించారు, అడుగున 180 డిగ్రీల వేడికి ఇక డ్రిల్లింగ్ సాగక ఆపేశారు. కేంద్రానికి 6,371 కి.మీ. ఉంటే మనం చేసింది పైపైన గీరడమే. పైగా ఆ బోరు వెడల్పు జానెడే.

కుదుపు: ఊహ మాత్రం కాదు. భూకంపం వచ్చినప్పుడు భూమిలోంచి పాకే ప్రకంపనల్లో ఎస్ తరంగాలు అనేవి ద్రవంలోంచి పోలేవు, అందుకే అవతలి వైపు ప్రకంపనలు నమోదుచేసే స్టేషన్లకి నేరుగా అందవు. కోర్ అంటే భూమి నడిమి భాగం; బయటి కోర్ ద్రవమని అలా తేలింది. దాని లోపల ఇంకో కోర్ ఉందని 1936లో చెప్పింది డెన్మార్క్ భూకంప శాస్త్రవేత్త ఇంగే లేమన్ అనే ఆవిడ. న్యూజిలాండ్ భూకంపం రికార్డులు ముందేసుకుని, ఓట్స్ డబ్బాల అట్టముక్కల మీద వివరాలు రాసుకుని పట్టేశారట!

అమాయకుడు: అట్టముక్కలా! ఇది పుస్తకంలో వేస్తే మావాడు కూడా చదివేవాడు.