బాపుకు పక్షవాతం, తమ్ముడికి వెన్నుపాము దెబ్బ: కోలుకోవడం వయసును బట్టి ఉంటుందా?

మోత్కూరు_పిల్లగాడు:
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది మోత్కూరు దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తా. మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు మంచాన పడ్డారు. మా చిన్నాయన కొడుకు, వాడికి 26, తాటిచెట్టు ఎక్కుతుంటే మోకు జారి కింద పడ్డాడు. వెన్నుపూసల్లో డీ12 అనే ఎముక నలిగిపోయిందని ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. రెండు నెలలు దాటింది, నడుం కింద కదలిక లేదు, మూత్రానికి పైపు ఉంది. ఆ టెన్షన్‌లో ఉండగానే మా బాపుకు పక్షవాతం వచ్చింది. 67 ఏళ్ళు, బీపీ ఎప్పట్నించో ఉంది, మందులు గుర్తొస్తే వేసుకుంటాడు లేకపోతే లేదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ అర్థమవుతుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. తమ్ముడి దగ్గర "వయసులో ఉన్నోడు, ఆరు నెలలల్ల లేచి ఉరుకుతడు" అంటారు, బాపు దగ్గరికొచ్చి "పెద్ద పానం, ఇంకేమొస్తది, ఉన్నన్ని రోజులు మంచిగ చూసుకోండి" అంటారు. అది విని విని ఇంట్లో కూడా అదే పద్ధతి అయిపోయింది. ఫిజియో డబ్బులన్నీ తమ్ముడికే పోతున్నాయి, బాపును గోడ పక్క మంచం మీద పడుకోబెట్టి టైముకు అన్నం పెడుతున్నారు, అంతే. నిజంగా వయసును బట్టే ఉంటుందా? ఉన్న డబ్బు ఎవరి మీద పెట్టాలి అని అడగడానికే సిగ్గుగా ఉంది, కానీ మా దగ్గర ఇద్దరికీ సరిపోయేంత లేదు. ఇంకోటి, బాపు ఈ మధ్య కంచంలో సగం అన్నమే తిని లేస్తున్నాడు, ఆకలి చచ్చిపోయిందని అమ్మ ఏడుస్తోంది.

ఫిజియో_గుంటూరు:
చివర్లో రాసిన కంచం సంగతి ముందు చెప్తానండి, ఎందుకంటే అది ఆకలి సంగతి కాకపోవచ్చు. ఎడమ వైపు పడిపోయిందంటే దెబ్బ మెదడు కుడి భాగంలో తగిలింది. అలాంటివాళ్ళలో చాలామందికి ఎడమ పక్క ఒకటుందనే ధ్యాసే పోతుంది. కళ్ళు బాగానే ఉంటాయి, అయినా ఎడమ వైపున్నది లెక్కలోకి రాదు. మిగిలిన అన్నం కంచంలో ఎప్పుడూ ఎడమ సగంలోనే ఉంటోందా చూడండి. అదే అయితే కంచం తిప్పి పెడితే మిగతాది కూడా తినేస్తారు. మంచం గోడ పక్కన ఉందన్నారు కదా, ఆయనకు ఎడమ పక్క గోడ ఉంటే మంచం మార్చండి, మనుషులు వచ్చీపోయేదీ, టీవీ, మీ అమ్మగారు కూర్చునేదీ ఎడమ పక్కకు రావాలి. పలకరింపు కూడా అటునుంచే. మొదట్లో తల తిప్పరు, చెయ్యి పట్టుకుని మెల్లగా అలవాటు చెయ్యాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీ ఊరివాళ్ళు చెప్పింది రెండు వైపులా తప్పే. మెదడులో దెబ్బతిన్న చోటు పని చుట్టుపక్కల భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి, 67 కి కూడా నేర్చుకుంటాయి, 80 దాటినవాళ్ళు మళ్ళీ నడవడం నేను చూశాను. కుర్రవాళ్ళకు కాస్త తొందరగా వస్తుంది, పెద్దవాళ్ళకు షుగర్లు, మోకాళ్ళ నొప్పులు అడ్డమొస్తాయి, ఆ తేడా ఉంది. కానీ ఎక్కువ మార్పు కనిపించేది మొదటి మూడు నెలల్లో, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెమ్మదిగా వస్తుంది, అటుపైన కూడా చిన్నచిన్నవి వస్తూనే ఉంటాయి. అంటే మీ బాపుకు ఇప్పుడు నడుస్తున్నదే అసలు టైము, దాన్ని మీరు మంచం మీద ఖర్చు పెట్టేస్తున్నారు.

వెన్నుపాము అలా కాదు. తెగిన నరం 26 ఏళ్ళకైనా 62 ఏళ్ళకైనా మళ్ళీ అతుక్కోదు. రాడ్లు, స్క్రూలు ఎముకను నిలబెట్టడానికి, మనిషిని త్వరగా కూర్చోబెట్టడానికి. వయసు కంటే ముందు తెలుసుకోవాల్సింది దెబ్బ కంప్లీటా (కింద కబురు ఏమీ అందడం లేదా), ఇన్‌కంప్లీటా (కొంతైనా అందుతోందా) అని. మలద్వారం దగ్గర స్పర్శ తెలుస్తోందా, బిగించగలుగుతున్నాడా అని డాక్టర్ పరీక్ష చేసి ఏ నుంచి ఈ వరకు గ్రేడు ఇస్తారు. ఆ గ్రేడుల పేరు ఆసియా, అందులో ఏ అంటే కంప్లీట్. మీ డిశ్చార్జ్ కాగితంలో ఆసియా ఏ అనో బీ అనో రాసి ఉంటుంది, చూడండి. అక్కడ కొంచెం స్పర్శ మిగిలి ఉన్నా ఆశ చాలా పెరుగుతుంది. రెండు నెలల తర్వాత కూడా ఏ దగ్గరే ఉంటే మామూలుగా లేచి నడిచే అవకాశం చాలా తక్కువ, ఆ మాట ఇంట్లోవాళ్ళకి ఎవరో ఒకరు మెల్లగా చెప్పాలి.

డబ్బు సంగతికి సూటిగా చెప్తాను. తమ్ముడికి రోజూ ఇంటికొచ్చి కాళ్ళు ఊపి వెళ్ళే ఫిజియోకి ఇచ్చేది సగం చాలు. కాళ్ళు కీళ్ళు బిగుసుకోకుండా చేసే ఆ పని ఇంట్లోవాళ్ళు నేర్చుకోవచ్చు. ఆ మిగిలింది బాపు మీద పెట్టండి. ఇంట్లోవాళ్ళే అంతా చేసుకోగలరా అంటే, మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగులతో ఒక పెద్ద అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు, ఇంటివాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చి పంపినవాళ్ళకీ మామూలుగా పంపినవాళ్ళకీ ఆరు నెలల తర్వాత తేడా రాలేదు. కాబట్టి వారానికి రెండు మూడు సార్లయినా తెలిసినవాళ్ళ చెయ్యి పడాలి, మధ్యలో ఇంట్లోవాళ్ళు ఆ పనే పదేపదే చేయించాలి. పదిసార్లు చేస్తే చాలదు, వందల్లో చెయ్యాలి. పల్లీలు వలవడం, తువ్వాలు మడతపెట్టడం, గ్లాసు ఎత్తి పెట్టడం, ఏదైనా సరే ఆ ఎడమ చెయ్యి పెట్టాల్సిందే.

ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చెయ్యకండి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దు. భుజం కండలు వదులైపోయి ఉంటాయి, కీలు జారుతుంది, ఆ నొప్పి వచ్చాక మనిషి ఫిజియో అంటేనే వద్దంటాడు. నడుముకు పట్టీలాగా తువ్వాలు చుట్టి అది పట్టుకుని లేపండి.

భక్తజనం:
మా మామయ్యకు పావురం రక్తం రాసి మాలిష్ చేయిస్తే నెలలో లేచారండి. ఇంగ్లీషు మందులతో పాటు అదీ చూడొచ్చు. తమ్ముడికి ఇసుక కాపడం మంచిది.

ఫిజియో_గుంటూరు:
భక్తజనం గారూ, మీ మామయ్య లేచినందుకు సంతోషం, చాలామంది మొదటి నెలలో ఏమీ రాయకపోయినా లేస్తారు. ఇసుక కాపడం మాత్రం దయచేసి వద్దు. ఆ అబ్బాయికి నడుం కింద వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కినా చెప్పలేడు. గట్టి మాలిష్ కూడా వద్దు, కదలని కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిక్క ఒకవైపు వాచి వేడిగా ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి.

కడప_వీల్స్:
అన్నా, నేను మీ తమ్ముడి కేసే. బైక్ యాక్సిడెంట్, 22 ఏళ్ళప్పుడు, డీ10, కంప్లీట్. ఇప్పుడు మొబైల్ షాపు నడుపుతున్నా. "వయసులో ఉన్నాడు, లేస్తాడు" అనే మాట నన్ను ఎంత వెనక్కి లాగిందో చెప్పలేను. లేస్తాను కదా అని కుర్చీ ముట్టుకోలేదు, మెట్లకు ర్యాంపు పెట్టనివ్వలేదు, ఎవరొచ్చినా ముఖం చూపించలేదు. నడవడం మీద పెట్టిన దృష్టి మూత్రం మీద, చర్మం మీద పెట్టి ఉంటే సగం ఆసుపత్రి ఖర్చు తప్పేది. మనలాంటివాళ్ళను చంపేది నడవలేకపోవడం కాదు, పిర్రల మీద పుండ్లు, కిడ్నీల్లో ఇన్‌ఫెక్షన్.

ఆ పైపు ఎన్నాళ్ళు ఉంచుతారో అడగండి. చేతులు బాగున్నవాడు తనంతట తానే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న క్యాథెటర్ పెట్టుకుని మూత్రం తీసేసుకోవడం నేర్చుకోవచ్చు. ఎప్పుడూ లోపలే ఉండే పైపు కంటే దీనికి ఇన్‌ఫెక్షన్లు తక్కువ. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఒక్కసారి తీసేది 400, 500 మిల్లీ దాటకుండా నీళ్ళు తాగే టైము లెక్క పెట్టుకోవాలి. మొదట్లో అసహ్యంగా అనిపిస్తుంది, తర్వాత పళ్ళు తోముకున్నట్టే. నాకది నేర్పింది వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి రిహాబ్ (పునరావాస) విభాగంలో. ఆ విభాగాన్ని మొదలుపెట్టిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. అది విన్నాక నేను సగం మారాను.

చర్మం గురించి వినండి. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. గాలి పరుపు ఉంది కదా అని మానెయ్యకూడదు. కుర్చీలో కూర్చుంటే పావుగంటకో అరగంటకో ముందుకు వంగి, లేదా చేతులమీద లేచి పిర్రలకు గాలి ఆడనివ్వాలి. రోజూ రాత్రి చేతి అద్దం పెట్టి వెనకంతా చూసుకోవాలి. ఎర్రమచ్చ కనిపించి, నొక్కినా తెల్లబడకపోతే ఆ చోటు మీద బరువు పడకూడదు, మాసిపోయేదాకా. జీన్స్ ప్యాంటు వెనక జేబు బొత్తాం చాలు పుండు చెయ్యడానికి. వేడి టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకోవద్దు, బైక్ ఎక్కితే సైలెన్సర్ దగ్గర కాలు ఎక్కడుందో చూసుకోవాలి.

ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా, మీవాడికి అక్కర్లేదు. ఛాతీ దగ్గర డీ6 కానీ ఆ పైన కానీ, మెడ దగ్గర కానీ దెబ్బ తగిలినవాళ్ళకు ఉన్నట్టుండి తలపోటు, ముఖం మీద చెమటలు వచ్చాయంటే బీపీ చూడండి, నిటారుగా కూర్చోబెట్టి మూత్రం పైపు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఎక్కువసార్లు అదే కారణం. వెంటనే తగ్గకపోతే ఆసుపత్రికి.

బెంగళూరు_అమ్మ:
నేను మూడో కోణం చెప్తాను. మా పాపకు 5 ఏళ్ళప్పుడు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి, కుడి కాలు. పిల్లలకు కూడా వస్తుందని అప్పటిదాకా మాకు తెలియదు. అందరూ "చిన్నపిల్ల, మెదడు ఎదిగే వయసు, అంతా తిరిగొచ్చేస్తుంది" అన్నారు. నడక నిజంగానే తొందరగా వచ్చింది, ఫిజియో ఆపేశాం. నాలుగో తరగతికి వచ్చేసరికి లెక్కలు తప్పడం, నోట్సు వెనకబడడం, చెప్పింది సగంలో మర్చిపోవడం మొదలైంది. టీచర్లు బద్ధకం అన్నారు. అసలు సంగతి ఏమిటంటే చిన్నప్పుడు అవసరం పడని పనులు పెద్ద తరగతుల్లోనే పడతాయి, అప్పుడే లోటు బయటపడుతుందట. కాలికి ఊతగా కట్టే స్ప్లింట్ కూడా పెరిగిన కొద్దీ మార్చాల్సిందే. ఇప్పుడు బాగున్న చేతికి గ్లోవ్ తొడిగి బలహీనంగా ఉన్న చేత్తో ఆటలు ఆడిస్తున్నాం, కోపమొచ్చి గ్లోవ్ పీకి విసిరేస్తుంది, మళ్ళీ తొడుగుతాం. వెన్నుపాము దెబ్బ తగిలిన పిల్లలున్న తల్లులు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఎదిగే వయసులో వెన్ను వంకర పోతుంది, ఎక్స్‌రేలు మానకండి.

విశాఖ_కూతురు:
మీ బాపుగారికి మాట ఉంది కాబట్టి అదృష్టవంతులు. మా నాన్నకు కుడి వైపు పోయి మాట మొత్తం పోయింది, అర్థమయ్యేది కానీ నోట్లోంచి రాదు. ఆయనకు తెలిసిన భజన పాట మొదలుపెడితే మాత్రం రెండు మూడు మాటలు కలిపేవారు, అక్కడినుంచే స్పీచ్ థెరపిస్టు పట్టుకుని లాక్కొచ్చింది. మీకు చెప్పాలనుకున్నది ఇంకొకటి. నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోందా, తాగాక గొంతు తడితడిగా గరగరలాడుతోందా చూడండి. అలా ఉంటే పడుకోబెట్టి తాగించొద్దు, నిటారుగా కూర్చోబెట్టి, పల్చటి నీళ్ళకు బదులు జావలాంటివి చెంచాతో, డాక్టర్‌ని అడిగి. ఎడమ బుగ్గలో అన్నం ముద్ద మిగిలిపోతుంది, తిన్నాక నోరు చూడాలి. ఇంకా, ఊరికే ఏడుస్తున్నా, ఎవరితో మాట్లాడకపోయినా "ముసలాయన కదా" అని వదిలెయ్యకండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి. బీపీ మాత్రలు మాత్రం ఇకనుంచి జీవితాంతం, కాస్త బాగయ్యాక ఆపేస్తే రెండోసారి వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

మోత్కూరు_పిల్లగాడు:
అందరికీ దండాలు. కంచం తిప్పి పెట్టమని ఫోన్‌లో అమ్మకు చెప్పిన, మిగిలిన సగం తినేసిండట. మంచం కూడా మార్చిన్రు. తమ్ముడి కాగితంలో ఏ అనే ఉంది. చిన్నమ్మకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మళ్ళీ పరీక్ష చేయించి డాక్టర్‌తోనే చెప్పిద్దామనుకుంటున్న. కడప అన్నా, కుర్చీ ఏది కొనాలి? పింఛను, గీత కార్మికుల పైసల గురించి ఎవరికైనా తెలుసా?

కడప_వీల్స్:
మెడికల్ షాపులో దొరికే ఆసుపత్రి కుర్చీ కొనొద్దు తమ్ముడూ, అది వెనకనుంచి నెట్టేవాళ్ళ సౌకర్యం కోసం చేసింది. సీటు వెడల్పు వాడి తొడల కొలతకు సరిపోవాలి, చేతులు ఆనించుకునే పక్క పట్టీలు తీసేసేలా ఉండాలి, లేకపోతే మంచం మీదికి జరగడం కష్టం. కుర్చీ కంటే సీటు మీద వేసుకునే దిండు ముఖ్యం, డబ్బు తక్కువైతే దిండు దగ్గర తగ్గించకు. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వాళ్ళ క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు, కలెక్టరేట్‌లో దివ్యాంగుల శాఖ ఆఫీసులో క్యాంపు ఎప్పుడో అడుగు. అన్నిటికీ ముందు వైకల్యం ఎంతుందో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్, మా ఆంధ్రలో సదరం అంటారు, మీ తెలంగాణలో 2025 నుంచి దాని బదులు యూడీఐడీ కార్డు. మా ఆంధ్రలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000, మంచానికో కుర్చీకో పరిమితమైన పక్షవాతం వాళ్ళకు 15,000. మీ తెలంగాణలో 2023లో 4,016 చేశారు. మీ బాపుక్కూడా ఆ సర్టిఫికెట్ పరీక్షకు స్లాట్ బుక్ చెయ్యి.

గీత పని గురించి, సొసైటీ సభ్యత్వమో లైసెన్సో ఉంటే ఎక్స్‌గ్రేషియాకు ఎక్సైజ్ ఆఫీసులో అప్లై చెయ్యొచ్చు, పడిన రోజు ఆసుపత్రి కాగితాలు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ అడుగుతారు. మీ ఊళ్ళో ఇంకా తాళ్ళెక్కేవాళ్ళకు 2024లో వచ్చిన, జారినా కింద పడకుండా ఆపే కాటమయ్య రక్షా కిట్లు అందాయో లేదో కూడా పనిలో పనిగా కనుక్కో. ఇంకోటి, కుర్చీ కొనేముందు బాత్రూం తలుపు వెడల్పు టేపు పెట్టి కొలువు. చాలా ఇళ్ళల్లో కుర్చీ హాల్లోకొచ్చి అక్కడే ఆగిపోతుంది.