మూడోసారీ డ్రైవింగ్ టెస్ట్ పోయింది, ఇంట్లో అరిచేశాను

నిన్న మళ్లీ ఫెయిల్. రివర్స్‌లో బండి గీత దాటింది, అంతే. ఇంటికొచ్చి, చెప్పులు అడ్డంగా విడిచాడని మా అబ్బాయి మీద విరుచుకుపడ్డాను. వాడు బిక్కమొహం వేసుకుని గదిలోకి వెళ్లిపోయాడు. టెస్ట్ కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోంది. ఇక నావల్ల కాదేమో.

జవాబు 1: ముందు బాబుకి సారీ చెప్పండి, మిగతావి తర్వాత. కోపం వచ్చినప్పుడు నేనైతే ఊపిరి పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులుతాను. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. (మొదట్లో నాకూ నవ్వొచ్చింది లెండి.)

జవాబు 2: మూడుసార్లూ రివర్స్‌లోనేనా? అలాగైతే మీకు రానిది డ్రైవింగ్ కాదు, రివర్స్. వారం రోజులు అదొక్కటే చేయండి.

అడిగినవారు: అవునండీ, మూడుసార్లూ అదే! పైగా టెన్షన్‌తో ముందురోజు రాత్రి నాలుగు గంటలే పడుకున్నా.

జవాబు 3: నిద్ర చాలకపోతే చిన్నదానికే చిరాకేస్తుంది. కానీ ఈ దిగులు రోజంతా ఉంటూ రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి, మొహమాటం వద్దు.

అడిగినవారు: వాడికి సారీ చెప్పాను. "నువ్వు కూడా ఫెయిలవుతావా అమ్మా?" అని తెగ సంబరపడ్డాడు.